పచ్చటోపీని క్షమించొద్దు

ఎల్మ్‌డేల్, అయోవా
అక్టోబరు 21, 1978

గౌరవనీయులైన ఎమిల్ హ్రుస్కా గారికి,

నన్ను మీరు ఎరగరు, కానీ నా మొహం చూసే ఉంటారు. పోయిన వారం పేపర్లో మొదటి పేజీలో పడిన పచ్చటోపీ, దాని కింద తెరుచుకున్న నోరు నావే. మన టగ్స్ బేస్‌బాల్ జట్టు ఫైనల్ గెలుపు అంచున ఉండగా, ఫీల్డరు లోమాక్స్ ఎగిరి పట్టబోయిన క్యాచ్‌కి కంచె దగ్గర నుంచి చెయ్యి అడ్డం పెట్టిన దరిద్రుణ్ణి నేనే. కూర్చున్న సీటు మీది. మీరు ఆస్పత్రిలో ఉన్నారని, ఆ పొద్దున మీ ఇంటి బాయిలరు బాగుచెయ్యడానికి వచ్చిన నాకు మీ ఆవిడగారు మీ టిక్కెట్టు ఇచ్చారు.

నేను చేసిందేమిటో చెబుతాను. బంతి పైనుంచి మా మీదికి దిగుతోంది. కంచె పక్క వరసలో కూర్చునేవాళ్ళం అందరం, ఎగిరొచ్చే బంతి పట్టుకోవడానికి గ్లవ్ తెచ్చుకుంటాం కదా. అందరం లేచాం. అందరం చేతులు చాపాం. నా చెయ్యి పొడుగు. మా అమ్మ వైపు వాళ్ళందరికీ అంతే. బంతి కంచెకి ఇవతలే ఉంది, ప్రేక్షకుడి తప్పు లేదని అంపైరు కూడా అన్నాడు. ఆ మాట ఊళ్ళో ఎవరి చెవినా పడలేదు. ఆ తర్వాత మన జట్టు పెటిగ్రూ గాడు కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చిన బంతిని జారవిడిచాడు, అవతలివాళ్ళకి పరుగులన్నీ పోయాయి, కప్పు పోయింది. పెటిగ్రూ ఇంటి మీద ఎవరూ గుడ్లు వెయ్యలేదు. మా ఇంటి గోడ మాత్రం ఆమ్లెట్టు అయింది.

కంపెనీవాళ్ళు సెలవు పెట్టమన్నారు. ఎన్నాళ్ళని అడిగితే, టగ్స్ కప్పు గెలిచేదాకా అన్నారు. టగ్స్ ఆఖరిసారి కప్పు గెలిచినప్పుడు మా నాన్న ఇంకా పుట్టలేదు. ప్రస్తుతం ఊరొదిలి ఇక్కడ మా అక్క ఇంట్లో తలదాచుకున్నాను.

ఊళ్ళో అందరికీ విడివిడిగా ఉత్తరం రాయలేను. సీటు మీది గనక మిమ్మల్ని ఒక్కరినే అడుగుతున్నాను. కార్డు ముక్క మీద 'పోనీలే' అని ఒక్క మాట రాయండి. నేను మళ్ళీ మనిషినవుతాను.

ఇట్లు,
మీ క్షమకు నోచుకోవాలనుకునే
వెండెల్ క్రౌస్

తా.క. బాయిలరు కింద పళ్ళెం పెట్టాను. నీళ్ళు నిండితే పారబొయ్యమని అమ్మగారితో చెప్పండి.

*

పోర్ట్ హార్లన్
అక్టోబరు 27

బాబూ వెండెల్,

నీ ఉత్తరం నేనే విప్పాను, నేనే చదివాను. ఇప్పుడది పిండి డబ్బా అడుగున ఉంది. మంచి ఉత్తరం నాయనా, ఏడుపొచ్చింది. అందుకే చెబుతున్నా, ఇలాంటిది ఇంకోటి రాశావంటే ఊరుకునేది లేదు.

ఎందుకో విను. మా ఆయన మీద డాక్టర్లు ఆశ వదులుకున్నారు. మంచు పడేదాకా ఉంటే గొప్పన్నారు. ఆస్పత్రిలో తిండి మానేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మ్యాచ్ రోజు గదిలో టీవీ పెట్టారు. నీ చెయ్యి లేచింది. అంతే! వారాల తరబడి తలెత్తని మనిషి లేచి కూర్చుని "ఎవడ్రా ఈ గాడిద! నా సీట్లో!" అని అరిచాడు. నర్సు చేతిలో ట్రే కింద పడేసింది. ఆ సాయంత్రం సూపు తాగాడు. మర్నాడు ఇంటికి పోదామని గోల. ఇప్పుడు పొద్దున్నే లేచి నిన్ను తిడతాడు, కాఫీ తాగుతాడు, మళ్ళీ తిడతాడు.

నువ్వు క్షమించమంటే ఆయన క్షమించేస్తాడు. పైకి పులి గానీ, వెన్న మనిషి. క్షమించాక ఇంక ఆయనకి పనేముంటుంది? మళ్ళీ గోడ వైపు తిరుగుతాడు. నీకు పుణ్యముంటుంది, క్షమాపణ అడక్కు. చేతనైతే ఆయన్నే తిట్టి ఉత్తరం రాయి.

నువ్వే తిట్టుకోవచ్చు కదా అంటావేమో. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ తిట్టినదాన్నే. డాక్టరు ఆ మాట చెప్పాక నోరు పెగలడం లేదు. పోబోయే మనిషిని ఎట్లా తిడతాం చెప్పు?

ఉంటా మరి,
లిడా హ్రుస్కా

తా.క. బాయిలరు టిక్కు టిక్కుమంటోంది. నువ్వు బాగుచేశాకే మొదలైంది.

*

ఎల్మ్‌డేల్
నవంబరు 4

అయ్యా ఎమిల్ హ్రుస్కా,

'గారు' అని కావాలనే రాయలేదు. గమనించగలరు.

మీరు నన్ను తిడుతున్నట్టు తెలిసింది. ఇది మీకు తగదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆ సీట్లో మీరుంటే చెయ్యి చాపేవారు కాదా? చాపేవారే అని నా అభిప్రాయం. తప్పయితే మన్నించాలి. ఇంకా చెప్పాలంటే మీరు కొంచెం మొండివారు. ఆరోగ్యం జాగ్రత్త.

తీవ్రమైన కోపంతో,
వెండెల్ క్రౌస్

తా.క. ఇది చదివి మీ మనసు నొచ్చుకుంటే, అది నా ఉద్దేశం కాదు. అంటే, ఉద్దేశమే.

*

పోర్ట్ హార్లన్
నవంబరు 10

బాబూ,

నీ తిట్టు అందింది. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివి వినిపించాను. ఆయన అంతా విని "ఇన్సూరెన్సు వాళ్ళా?" అన్నాడు.

మీ ఇంట్లో చిన్నప్పుడు ఎవరూ పోట్లాడుకోలేదా? ఇట్లా అయితే లాభం లేదు. కొన్ని మాటలు ఇస్తున్నా, అవి వాడు. తడిసిన రొట్టెముక్క. సగం ఉడికిన క్యాబేజీ. సబ్బు అంటిన చేపా అని కూడా అనొచ్చు, అది స్నానం చెయ్యనన్నప్పుడు బాగా పనిచేస్తుంది. ఇంకో సంగతి. "నేనైతే చెయ్యి వెనక్కి లాక్కునేవాణ్ణి" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా కోతలు కోస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆ కంచె దగ్గరికి వచ్చిన బంతుల్లో ఈయన చెయ్యి చాపనిది లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గ్లవ్ విసురుగా చాపి నా కళ్ళజోడు పగలగొట్టాడు. బంతీ దొరకలేదు. ఆ ముచ్చట అడుగు. నీకెట్లా తెలిసిందంటే ఊరంతా తెలుసని చెప్పు.

మొహమాటపడకు. నన్ను తిట్టినట్టు అనుకో. టిక్కెట్టు ఇచ్చింది నేనేగా.

లిడా

తా.క. బాయిలరు కింద పళ్ళెం నిండింది. నేలమాళిగలోకి దిగి పారబోసి వచ్చేసరికి ఆయాసం వచ్చింది. వయసు.

*

ఎల్మ్‌డేల్
నవంబరు 18

ఒరే ఎమిల్!

తడిసిన రొట్టెముక్కా! సగం ఉడికిన క్యాబేజీ! మంచం మీంచి అరిస్తే బంతి వెనక్కొస్తుందా? నువ్వయితే చెయ్యి లాక్కునేవాడివా? పెళ్ళయిన కొత్తలో కట్టుకున్నదాని కళ్ళజోడు పగలగొట్టినవాడెవడు? ఊరంతా తెలుసు! పోనీ బంతన్నా దొరికిందా? అదీ లేదు! పెటిగ్రూ గాణ్ణి ఒక్క మాట అనవు. జట్టు మేనేజరును అనవు. సరస్సు మీంచి వీచిన గాలిని అనవు. దొరికినవాణ్ణి నేనొక్కణ్ణి! దమ్ముంటే మంచం దిగి జవాబు రాయి.

నీ సీట్లో కూర్చున్నవాడు

తా.క. కుషను గట్టిగా ఉంది. మార్పించుకో.

*

పోర్ట్ హార్లన్
డిసెంబరు 9

నా బంగారు వెండెల్,

నీ చేతులకి దండం పెట్టాలి. ఉత్తరం చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మళ్ళీ చదువు!" అన్నాడు. మళ్ళీ చదివాను. "కళ్ళజోడు సంగతి ఇంకోసారి చదువు!" అన్నాడు. చదివాను. అప్పుడు మంచం దిగాడయ్యా! చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకోకుండా వంటింట్లోకి నడిచొచ్చి, బల్ల మీద గుద్ది, "గసగసాల రొట్టె ఉందా?" అన్నాడు. మొదటి మంచు పడింది. కిటికీలోంచి చూసి మంచునీ తిట్టాడు.

ఇప్పుడు ఇల్లంతా కోర్టు. మంగలి బెన్నో వచ్చి తప్పంతా పెటిగ్రూదే అంటాడు. ఫాదర్ మాతెయ్ వచ్చి తప్పు ఎవరిదీ కాదు, దేవుడి చిత్తం అన్నాడు. "అయితే దేవుడు అవతలి జట్టువాడన్న మాట!" అని మా ఆయన ఆయన్ని కాఫీ పూర్తికాకుండానే పంపించేశాడు. పక్కింటి కూబిక్ గారమ్మాయి మేనేజరును ఉరితియ్యాలంది. మా ఆయన ఎవరి మాటా ఒప్పుకోడు. తప్పు పచ్చటోపీదే. అవతలి జట్టులో బంతి విసిరే పిచ్చరుది కూడా అయోవాయేనట, నువ్వు వాళ్ళు పంపిన గూఢచారివని తేల్చాడు. వసంతం రాగానే బస్సెక్కి వచ్చి నీ సంగతి తేలుస్తాడట.

ఒక చిక్కు. ఇప్పుడు పోస్టు డబ్బా దాకా తనే నడిచి వెళ్తున్నాడు. ఆయన్ని తిట్టే ఉత్తరాలు ఇంటికి పంపు. నాకు రాసేవి కూబిక్ గారి చిరునామాకి పంపు.

ఈ మధ్య నాకూ ఆకలేస్తోంది. నవ్వొచ్చినప్పుడల్లా సామాన్ల గదిలోకి పోయి నవ్వుకుంటున్నా.

లిడా

తా.క. కూబిక్ గారావిడ నావైపు అదోలా చూస్తోంది. నాకు అయోవాలో ఎవడో ఉన్నాడనుకుంటోంది. అనుకోనీ, ఈ వయసులో అదొక గౌరవం.

*

ఎల్మ్‌డేల్
జనవరి 14, 1979

అమ్మా,

ఇక నా వల్ల కాదు.

మీరు కోప్పడినా సరే, ఉన్నమాట రాస్తున్నాను. ఇక్కడ కూడా నేనెవరో తెలిసిపోయింది. మంగలి షాపులో కుర్చీ ఖాళీ ఉన్నా లేదన్నారు. కంపెనీ నా పని ఇంకొకరికి ఇచ్చేసింది. అక్క ఏమీ అనదు, కానీ బావ అన్నం బల్ల దగ్గర నాకు ఉప్పు అందించేటప్పుడు కూడా "చెయ్యి జాగ్రత్త" అంటాడు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని ఎండిన మొక్కజొన్న చేలు చూస్తుంటాను. ఆ చెయ్యి లేచిన క్షణం మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకొస్తుంది. ఒక్కోసారి దాన్ని జేబులో పెట్టుకుని కూర్చుంటున్నాను.

నేనడిగింది ఒక్క మాట. 'పోనీలే.' దానికి బదులు వారం వారం ఒక జబ్బు మనిషిని రొట్టెముక్కా అని తిడుతున్నాను. ఆయన జవాబుల్లో నన్ను గాడిద, గూఢచారి, సరస్సులో తొయ్యాల్సిన సన్నాసి అంటున్నారు. అవన్నీ నాటకానికి కాదమ్మా, నిజంగా అంటున్నారు. చదివితే గుండె పిండేసినట్టుంటుంది. ఆయన బతకాలంటే నేను దోషిగానే ఉండాలా? ఎన్నాళ్ళు?

మొదటి ఉత్తరం లాంటిది మళ్ళీ రాశాను. రేపు నేరుగా ఆయన పేరుకే పోస్టు చేస్తాను. మీరు నన్ను క్షమించాలి. ఎవరో ఒకరు క్షమించాలి కదా.

వెండెల్

తా.క. బాయిలరు టిక్కుమంటే ఎడమ పక్క బోల్టు అర చుట్టు బిగించండి. మీరు దిగకండి, ఎవరినైనా పిలవండి.

*

పోర్ట్ హార్లన్
జనవరి 20

నాయనా వెండెల్,

ఆ ఉత్తరం పోస్టు చేశావా? చెయ్యలేదని ఆశ. డబ్బా దగ్గర ఆయనకంటే ముందు నిలబడదామని పొద్దున్నే చలిలో కాపలా కాస్తున్నా.

నీ బాధ నాకు తెలియక కాదు. నా స్వార్థం కొద్దీ నిన్ను బలిపెడుతున్నా. నిజమే. ఆ పొద్దున నువ్వు బాయిలరు పక్కన మసితో నిలబడి గోడ మీది టగ్స్ టోపీ వంక చూస్తున్నావు. ఎమిల్ టిక్కెట్టు ఎవరికైనా ఆట తెలిసినవాడికే ఇమ్మన్నాడు. ఆ చూపు చూసి ఇచ్చాను. క్షమించాల్సి వస్తే ముందు నన్ను క్షమించాలి. నీకు ఆ 'పోనీలే' నేను ఇస్తాను, తీసుకో. నాది చాలదని నాకు తెలుసు.

ఏప్రిల్ దాకా ఆగు. ఏప్రిల్లో మొదటి ఆట. ఆయన్ని ఒక్కసారి ఆ సీట్లో కూర్చోబెట్టనీ. తర్వాత నేనే అంతా చెప్పేస్తా. ఈలోగా ఆయన పోతే నేనేమవుతానో తలుచుకుంటే భయమేస్తుంది. ఈ ఇంట్లో బాయిలరు చప్పుడు తప్ప ఏమీ మిగలదు. ఇంకొక్క ఉత్తరం రాయి నాయనా. బాగా తిట్టు.

లిడా

తా.క. ఈసారి మాటలు ఇవ్వడంలేదు. నీకే వస్తాయి. నేర్చుకున్నావు.

*

పోర్ట్ హార్లన్
ఫిబ్రవరి 11

ఒరేయ్ పచ్చటోపీ,

ఇది ఎమిల్ హ్రుస్కా. చేతిరాత వంకరగా ఉంటే సర్దుకో. ఇంతకాలం నీకు జవాబులు నేను చెబుతుంటే లిడా రాసేది.

లిడా పోయింది. సోమవారం పొద్దున, వంటింటి బల్ల దగ్గర. గుండె. ఆ గుండె సంగతి ఆమెకి తెలుసట, డాక్టరు ఇప్పుడు చెబుతున్నాడు. నన్ను చూస్తే ఆ డాక్టరుకి మొహం చెల్లడం లేదు. మంచు పడేసరికి పోవాల్సినవాణ్ణి నేను. మిగిలి చూస్తూ ఉన్నవాణ్ణీ నేనే.

ఒక మాట చెబుతా విను. నాకు మొదట్నుంచీ తెలుసు. తడిసిన రొట్టెముక్కా అని ఈ భూమ్మీద నన్ను పిలిచినవాళ్ళు ఒక్కరే. కళ్ళజోడు సంగతి ఊరంతా తెలుసా? మా ఇద్దరికి తప్ప ఎవడికీ తెలీదు. పైగా కూబిక్ గారావిడ వచ్చి మీ ఆవిడకి అయోవాలో ఎవడో ఉన్నాడని చెవిలో ఊదింది. మరీ అంత గుడ్డివాణ్ణి కాను.

ఆస్పత్రి నుంచి నేను వచ్చాక లిడా నన్ను తిట్టడం మానేసింది. నువ్వు అది ఎరగవు. కాఫీ ఒలకబోస్తే "ఫరవాలేదు" అనేది. లిడా! తను తినేది కాదు. నా మంచం పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. డాక్టరు మాటకి నేను భయపడలేదు గానీ, ఆ 'ఫరవాలేదు'కి భయపడ్డాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నీ చేతిరాత, ఆమె నోరు. చదువుతుంటే ఆమె గొంతు లేచింది. బుగ్గలకి రంగొచ్చింది. సామాన్ల గదిలో నవ్వుతుంటే నాకు వినపడేది. అందుకని నేను ఇంకా గట్టిగా అరిచాను. గూఢచారి అన్నానా? ఆ మాటకి ఆమె రెండు రొట్టెలు తింది. నిన్ను నిజంగా తిట్టింది ఆస్పత్రిలో ఒక్కరోజే. తర్వాతదంతా ఆమె కోసం. నీకు తగులుతుందని అనుకోలేదు. ఆమె నాకోసం అనుకుంది, నేను ఆమె కోసం అనుకున్నాను. మధ్యలో నువ్వు నలిగిపోయావు.

పిండి డబ్బా అడుగున నీ మొదటి ఉత్తరం దొరికింది. రొట్టె చేసుకుందామని తీశాను. 'పోనీలే' అని రాయమన్నావు. రాయను. అది కార్డు మీద రాసే మాట కాదు, మొహం చూసి చెప్పాల్సింది. ఏప్రిల్లో మొదటి ఆటకి రెండు సీట్లు ఉన్నాయి. నాదీ, దాని పక్కన లిడాదీ. ఆ పక్క సీటు ఖాళీగా పెట్టుకుని నేను ఆట చూడలేను. రా. ఆ టోపీయే పెట్టుకుని రా. ఎవడన్నా గుడ్డు విసిరితే ముందు నాకు తగలాలి. బంతి వస్తే చెయ్యి చాపు. నేనూ చాపుతా. ఎవడి చెయ్యి పొడుగో చూద్దాం.

ఎమిల్

తా.క. నీ ఆఖరి ఉత్తరం ఆమె పోయిన మర్నాడు వచ్చింది. అందులో తిట్లు నీ సొంతమని చూడగానే తెలిసిపోయింది. ఏమీ బాలేవు. అయినా వారం వారం రాస్తూ ఉండు. ఈ ఇంట్లో ఇప్పుడు నన్ను తిట్టేవాళ్ళు ఎవరూ లేరు.