టైరు కింద రాయి

ఫిబ్రవరి 3, పొద్దున ఆరు

పేపర్ కట్ట వచ్చింది. ఇక్కడ మా పేపర్‌కు వార్తలు రాసేదీ, కట్ట దించుకునేదీ నేనే. మిగతా డ్రైవర్లు కిటికీలోంచి విసిరేస్తారు. పూల్‌సింగ్ అన్న మాత్రం బస్సు ఆపి నా చేతికిస్తాడు. ఆపగానే కండక్టర్ కల్యాణక్క దిగి వెనక టైరు కింద రాయి పెడుతుంది. మా రేగొండ బస్టాండు దగ్గర రోడ్డు వాలు. ఆ బస్సుకు హ్యాండ్‌బ్రేక్ ఎప్పుడో పోయింది. ప్రయాణికులు ఆ రాయికి అసిస్టెంట్ డ్రైవర్ అని పేరు పెట్టారు. అందరం నవ్వుతాం.

ఇవాళ అన్న నవ్వలేదు. కాలి బ్రేక్ సుత జారుతాంది, ఓనర్‌కు చెప్తే నడుపుతవా ఇంకొకన్ని చూస్కోవాల్నా అన్నడు అని చెప్పాడు. రాయి ఫోటో తీసి వార్త పంపాను.

ఫిబ్రవరి 5

వార్త రాలేదు.

ఫిబ్రవరి 6

భూపాలపల్లిలో మా బ్యూరో ఇన్‌ఛార్జ్ మహేందర్ అన్నకు ఫోన్ చేశాను. షిఫా, గది సర్కారు కిరాయికి నడిపే బస్సు, ఓనర్ ఎవల బామ్మర్దో నీకు తెల్వదా అన్నాడు. తెలుసు. మా దగ్గరి పెద్ద నాయకుడి బామ్మర్ది. ఆ నాయకుడి పుట్టినరోజుకు మా పేపర్లో ఫుల్ పేజీ యాడ్ వస్తుంది. ఫిట్‌నెస్ ఉన్న బస్సుకు బ్రేకుల్లేవని రాస్తే సర్టిఫికెట్ ఇచ్చినోళ్లు ఊకుంటరా అని కూడా అన్నాడు. ఊరుకోకూడదనే కదా రాసింది!

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం

పూల్‌సింగ్ అన్న బస్సు పడిపోయింది. వాగు బ్రిడ్జి ముందు వాలులో బ్రేక్ పడలేదు. ఎదురుగా మిరపకాయ ఏరడానికి పోయే కూలీల ఆటో. అన్న స్టీరింగ్ పొలంలోకి తిప్పేశాడు. ఆటోలో ఒక్కరికీ ఏమీ కాలేదు. బస్సులో ఆకుకూరలమ్మే గంగి అవ్వ చనిపోయింది. అన్నకు కాలు విరిగింది, కల్యాణక్కకు తల పగిలింది.

గట్టు మీదే కూర్చుని ఫోన్‌లో టైప్ చేశాను. బ్రేకులు, రాయి, ఆరు రోజుల కిందటే పంపిన వార్త, అన్నీ.

ఫిబ్రవరి 10

హెడ్డింగ్: మద్యం మత్తులో డ్రైవర్.

నా పేరు లేదు. వార్త మొదట్లో రేగొండ అని ఊరి పేరు ఉంది. మా పేపర్‌కు రేగొండలో నేనొక్కదాన్నే, ఆ సంగతి అందరికీ తెలుసు. నేను పంపినదాంట్లో మిగిలింది గంగి అవ్వ వయసు మాత్రమే. పై నుంచి ప్రెస్‌నోట్ గ్రూపుల వచ్చింది, అన్ని పేపర్లు గదే ఏసినయి, మనమొక్కలమే వేరే రాస్తే ఎట్ల అన్నాడు మహేందర్ అన్న. థూ.

ఫిబ్రవరి 11

పూల్‌సింగ్ అన్న భార్య గోరీ తండా నుంచి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పేపర్ నా ముందు పెట్టి, సేవాలాల్ మాల ఏసుకున్న మనిషిని తాగిండని ఎట్ల రాసినవ్ బిడ్డా అని అడిగింది. లంబాడీల గురువు సేవాలాల్ పేరు మీద వేసుకున్న ఆ దీక్ష మాల నేను రోజూ చూశాను. దీక్షలో ఉండి మందు ముట్టాడంటే తండాలో తలెత్తుకోలేడు. దవాఖానలో ఆయన మంచం పక్కన పోలీసు కూర్చున్నాడట. తాగాడని తేలితే జైలే.

నేను రాయలేదన్నాను. మరెవలు రాసిన్రు అంది. నీ కట్ట కింద పడొద్దని బస్సు ఆపెటోడు గదా అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 13

కల్యాణక్క ఇంటికి వెళ్లాను. తలకు కట్టు. రాయి సంగతి ఒక్క మాట చెప్పు, వీడియో తీస్తానన్నాను. ఏ రాయి చెల్లె అంది. రోజూ తన చేతులతో పెట్టిన రాయి! అరిచేశాను. నా నౌకరి పోతే నా పిల్లలకు నువ్వు పెడతవా అని ఏడ్చింది. తలుపేసుకుంది.

ఫిబ్రవరి 15

రక్తపరీక్షలో మందు లేదని నిన్న తేలింది. గోరీ రిపోర్ట్ ఫోటో పంపితే వెంటనే వార్త రాసి పంపాను. ఇవాళ్టి పేపర్లో లేదు. మొదటి పేజీ నిండా సేవాలాల్ జయంతి శుభాకాంక్షలు. చేతులు జోడించి నాయకుడు, పక్కనే బామ్మర్ది.

ఫిబ్రవరి 16

నేను రాసింది రాసినట్టు, రిపోర్ట్‌తో సహా, మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నింట్లో పెట్టేశాను. తండాలో మైకులో చదివించారని గోరీ ఫోన్ చేసింది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీశాడన్న కేసు మాత్రం అట్లే ఉంది. బ్రేకుల సంగతి చెప్పే సాక్షి కావాలని వకీలు అంటున్నాడట.

ఫిబ్రవరి 17

ప్రెస్ గ్రూపు నుంచి తీసేశారు. అక్రెడిటేషన్ కార్డు, బస్‌పాస్ భూపాలపల్లికి తెచ్చి ఇచ్చెయ్యమన్నారు. ఏ బస్సులో పోవాలో చెప్పలేదు.

ఫిబ్రవరి 26, పొద్దున ఆరు

అలవాటు చావక బస్టాండుకు వెళ్లాను. ఆ ఓనర్‌దే ఇంకో బస్సు, కొత్త డ్రైవర్. కట్ట విసిరేశాడు. నాకు కాదు, నా బదులు పెట్టుకున్న మనిషికి. కల్యాణక్క దిగింది, చేతిలో రాయి. టైరు కింద పెట్టి అక్కడే నిలబడింది.

ఫోటో తియ్యి చెల్లె, నా మొకం గూడ పడాలె అంది.

తీశాను.