నిమ్మకాయలు తొక్కించిన బండి

బెంగళూరు,
మంగళవారం

అక్కకు, బావగారికి నమస్కారాలు.

ఫోన్లో చెప్పలేక చివరికి ఈ కాగితం తీశాను అక్కా. మేముండేది ఒకటే గది, ఏం మాట్లాడినా శ్రావణికి వినపడుతుంది. కూతురి దగ్గర దాచాలని కాదు, ముందు నీకు చెబితే దానికి చెప్పే ధైర్యం వస్తుందని.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? కంభంలో వానలు పడ్డాయా? నేను బాగున్నాను. ఇక్కడ పొద్దున లేస్తే చలి. హాస్టల్ పిల్లలకు వంట చేస్తున్నాను. సాంబారులో బెల్లం వెయ్యమంటారు, వేస్తున్నాను. జొన్నరొట్టె తిని రెండు నెలలైంది. ఇక్కడి భాష రాక పగలంతా దేవుడితోనే మాట్లాడుకుంటాను. బాగానే ఉన్నాను, బెంగపడొద్దు.

శ్రావణి, నస్రీన్ కలిసి కాలేజీ పోటీకి ఒక చిన్న బండి చేశారు. పెట్రోలు, బ్యాటరీ ఉండకూడదట. స్ప్రింగు చుట్టి వదిలితే రెండు గీతల మధ్య తిన్నగా పోవాలి. నస్రీన్ అంటే మార్కాపురంలో సైకిల్ దుకాణం ఖాదర్ అన్న కూతురు, ఈ హాస్టల్లోనే మేడ మీద ఉంటుంది. సైకిల్ పుల్లతో ఇరుసు చేసి చక్రాలు బిగించింది తనే.

నిమ్మకాయలు తొక్కించకుండా మన ఇంట్లో ఏ బండినైనా రోడ్డెక్కించామా? శుక్రవారం వాళ్లు క్లాసుకు వెళ్లగానే పసుపు, కుంకుమ పెట్టి, వెనక చక్రాల కింద రెండు కాయలు పెట్టాను. బండి తేలిక, కాయలు చితకలేదు. చితకకపోతే కీడని బండిని రెండు చేతులతో గట్టిగా అదిమాను. చితికాయి. ముట్టుకోవద్దని శ్రావణి ముందే చెప్పింది కనుక రసం, బొట్లు అన్నీ తుడిచేశాను.

సాయంత్రం వరండాలో వదిలితే నాలుగు గజాలు పోకుండానే ఎడమకు తిరిగి గోడకు కొట్టుకుంది. చూస్తే ఇరుసు వంగి ఉంది.

"ఏందే ఇది? మీ నాయన దుకాణంలో ఇట్లనే బిగిస్తారా?" అంది శ్రావణి.

నస్రీన్ ఇరుసును వేలితో తడిమింది. "నన్ను ఎన్నైనా అను. మా నాయన దుకాణం మాటెందుకు?" అని పానా కింద పెట్టి, నా వైపు తిరిగింది. "నా చెయ్యే జారిందేమో పిన్నమ్మా."

నేను అక్కడే నిలబడి ఉన్నాను అక్కా. నిజం చెప్పకుండా వంటగదిలోకి పోయాను.

అప్పటి నుంచి నస్రీన్ అన్నానికి అందరికంటే ఆఖరున వచ్చి, తలెత్తకుండా పెట్టించుకుని పోతోంది. శ్రావణి బండిని గుడ్డలో చుట్టి మంచం కిందికి తోసింది. గురువారమే పోటీ. ఇద్దరూ నిలబడకపోతే పేరు కొట్టేస్తారు. రోజూ దీపం పెడుతున్నాను. బండి గెలవాలని మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు నా తప్పు ఎవరికీ తెలియకూడదని మొక్కుతున్నానేమోనని భయం వేస్తోంది.

ఈ ఉత్తరం గేటు దగ్గర డబ్బాలో వేసి, అటే మేడ మెట్లెక్కుతాను. ముందు నస్రీన్‌కు, తర్వాత శ్రావణికి చెబుతాను. పోటీ పోతే పోనీ, తన చెయ్యి జారలేదని ఆ పిల్లకు తెలియాలి. నీకు రాసేశాను కనుక ఇక వెనక్కి తిరగలేను.

అమ్మ పాదాలకు నా దండం పెట్టు, నన్ను తలుచుకుని దీవించమను. మీ అత్తగారిని అడిగానని చెప్పు. మార్కాపురం పోయినప్పుడు ఖాదర్ అన్న కనపడితే ఏమీ అనొద్దు, ఆయనకు కూడా నేనే చెప్పుకోవాలి. అందుకే ఈ కాగితాలు దాచిపెట్టు అక్కా, ఎవరికీ చూపించకు.

నీ చెల్లెలు,
రమణమ్మ