రెక్కలో పడిన అక్షింతలు

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం మధ్యాహ్నం.

పద్మక్కకు,

నీ చెల్లెలు సరిత నమస్కరించి రాస్తున్నది. నువ్వు, బావ, బుజ్జి అంతా బాగున్నారా? ఈ ముసురుకు అత్తమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను. ఈ మాట ఉత్తరంలో ఇంకో రెండు మూడుసార్లు వస్తుంది, నవ్వకు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో అయితే మధ్యలో ఏడుస్తాను, నువ్వు కంగారుపడి బావను బస్సెక్కించి ఇక్కడికి పంపిస్తావు. అందుకే కాగితం పట్టుకుని కూర్చున్నాను.

హాస్టల్ గదిలో నలుగురం. మిగతా ముగ్గురూ కోచింగ్ పిల్లలు, పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోతారు. నాకు ఆ తీరిక కూడా లేదు. ఐదింటికే లేచి, ఎల్‌బీ నగర్ దాకా షేర్ ఆటోలో పోయి, చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడాలి. వాన పడితే అక్కడ చీలమండల దాకా నీళ్లు. మన నల్గొండ బస్సు కూడా అక్కడే ఆగుతుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా ఎక్కేద్దామనిపిస్తుంది. ఎక్కనులే, భయపడకు. మెస్‌లో పప్పంటే పసుపు నీళ్లే. నువ్వు పంపిన చింతకాయ తొక్కు లేకపోతే ముద్ద దిగేది కాదు. అదీ అడుగంటింది.

పని సంగతి అడిగావు. విమానం రెక్క లోపల డొల్లగా ఉంటుంది అక్కా. పొడుగునా దూలాల్లాంటి స్పార్లు, వాటికి అడ్డంగా పక్కటెముకల్లాంటి రిబ్బులు, పైన పల్చటి అల్యూమినియం రేకు. వీటన్నిటినీ పట్టి ఉంచేవి రివెట్లు, అంటే కొట్టి బిగించే లోహపు మేకులు. నేను బయటి నుంచి రివెట్ గన్‌తో కొడుతుంటే, నా జోడీ లావణ్య లోపలి నుంచి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటుంది. సాయంత్రానికి చెయ్యి నాది కాదన్నట్టు వణుకుతుంది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం నా ఒంటి మీదే.

"గంత ఇనుము గాలిల ఎట్ల నిలబడ్తదే?" అని అడిగావు కదా. బావ మస్కట్ ప్రయాణం దగ్గరపడేకొద్దీ నీకు నిద్ర పట్టడం లేదని తెలుసు. మొదటిది, అది ఇనుము కాదు, చాలావరకు తేలికైన అల్యూమినియం. రెండోది, విమానాన్ని పైకి ఎత్తేది ఇంజన్ కాదు, రెక్క. ఇంజన్ ముందుకు మాత్రమే తోస్తుంది, దాన్ని థ్రస్ట్ అంటారు. ఈసారి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, పక్కన బండ్లేవీ లేకుండా చూసుకుని, అరచెయ్యి కొంచెం బయటపెట్టి, ముందు అంచు కాస్త పైకి వంచు. చెయ్యి దానంతటదే లేస్తుంది. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. అదే లిఫ్ట్. చేతిని వెనక్కి లాగేది డ్రాగ్. కిందికి లాగే బరువు ఎలాగూ ఉన్నదే. ఈ నాలుగూ సరిపోయినంతసేపు విమానం నిలకడగా పోతుంది. చేతిని మరీ నిటారుగా వంచావనుకో, గాలి పట్టు తప్పి చెయ్యి పడిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. నన్నడిగితే వరస డ్యూటీల నాలుగో రోజున నా పరిస్థితి అదే.

ఇక అసలు సంగతి. దీన్ని రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరిగాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున తీసుకున్న ప్రతి పనిముట్టూ సాయంత్రం దాని గడిలో కనపడాలి. ఒక్క డ్రిల్ బిట్ తగ్గినా బస్సు కదలదు. మా కోటుకు జేబులుండవు. గాజులు, జడపిన్నులు, చివరికి బొట్టుబిళ్ల కూడా బయటే తీసిపెట్టి లోపలికి పోవాలి. రెక్కలో ఏదీ పడకూడదని. దసరా ఆయుధ పూజ కూడా గేటు బయటే చేశారు. కొబ్బరికాయ అక్కడే, పసుపు కుంకుమలు అక్కడే.

ఆ ముందు రోజు బావ తొక్కుతోపాటు నువ్వు పంపిన అక్షింతల పొట్లం తెచ్చిచ్చాడు. నువ్వు ఫోన్‌లో ఏమన్నావో గుర్తుందా? "నువ్వు చేసే రెక్క మీద జర చల్లవే. మీ బావ ఎక్కేది గదే కావచ్చు." నేను నవ్వాను. కానీ పండుగ మర్నాడు ఆ పొట్లాన్ని గ్లవ్ లోపల దాచుకుని పోయాను. లావణ్య నీళ్లు తాగడానికి పోయినప్పుడు, చివరి పలక మూసేముందు, కళ్లు మూసుకుని బావ పేరు తలచుకుని ఒక చిటికెడు లోపలికి చల్లాను. లోపల ఉంటే ఆశీర్వాదం నిలుస్తుందనుకున్నాను. నీ మీద తప్పు పెట్టడం లేదు అక్కా. చెయ్యి నాది.

మూడో రోజు మా సూపర్‌వైజర్ రమణ గారు కొత్తవాళ్లకు పాఠం చెబుతున్నారు. ఆయనది గుంటూరు వైపు. రెక్కలో వదిలేసిన చిన్న వస్తువు ఎట్లా దొర్లుతుందో, రేకును ఎట్లా గీరుతుందో, కదిలే భాగాల్లో ఇరుక్కుంటే ఏమవుతుందో చెబుతున్నారు. ఉండబట్టలేక వెనక నుంచి అడిగాను.

"సార్, బియ్యపుగింజ అంతది పడ్తే?"

"గింజైనా అంతేనమ్మా. అది తేమ పట్టుకుంటుంది. ఆ తేమ అల్యూమినియాన్ని తినేస్తుంది. అయినా బియ్యం ఎందుకు పడతాయి అక్కడ?"

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం పోతుంది. ఆ రెక్కను నమ్ముకుని ఎవరి బావ కూర్చుంటాడో అనుకుంటే మాత్రం నోరు ఆగలేదు. అందరి ముందే చెప్పేశాను.

"ఎన్ని వేశావు?"

"చిటికెడు సార్."

"చిటికెడంటే ఎన్నమ్మా? అంకె చెప్పు."

"అక్షింతలు ఎవరు లెక్కపెడ్తరు సార్?" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా అమ్మా లెక్కపెట్టదు. కానీ ఇక్కడ లెక్క తెలియనిది ఏదీ లోపలికి పోకూడదమ్మా."

రెండు రోజులు నేనూ లావణ్యా మేము కొట్టిన రివెట్లను మేమే డ్రిల్ చేసి తీశాం. నా తప్పుకు లావణ్య కూడా చాకిరీ చేసింది, అదే నాకు ఎక్కువ బాధ. సన్నటి కెమెరా పెట్టి మూలమూలా వెతికారు. పదకొండు గింజలు దొరికాయి. పన్నెండోది ఉందో లేదో ఎవరికీ తెలియదు. నేను ఎన్ని వేశానో చెప్పగలిగితే ఆ రెక్క బతికేది. ఇక ఏమీ లేదని సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ రాలేదు. దానికి పనికిరాదని ఎర్ర చీటీ కట్టి మూలన పెట్టారు. నాలుగు వారాల మా అందరి రెక్కల కష్టం అది.

పోయిన వారం పిలిచారు. నన్ను తీసేయలేదు, ఊపిరి పీల్చుకో. నేనే వచ్చి చెప్పాను కాబట్టి ఉంచారట. కానీ రివెట్ గన్ ఇవ్వరు. పనిముట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున ఇవ్వడం, సాయంత్రం లెక్కపెట్టుకోవడం. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఆ రెక్క పక్కన నిలబడి నా కథ నేనే చెప్పాలి. మొన్నటిదాకా చేతులు నొప్పి పుట్టేవి. ఇప్పుడు నొప్పి లేదు, అలసట మాత్రం అట్లాగే ఉంది. బాగానే ఉన్నాను.

ఇంకొక మాట. బావ జేబులో పొట్లం పెట్టి విమానంలో చల్లమని చెబుదామనుకుంటున్నావు కదూ? మనిద్దరిదీ ఒకటే బుర్ర, నాకు తెలుసు. వద్దు. గడప దగ్గరే అత్తమ్మతో ఆయన తల మీద వేయించు. కిటికీలోంచి రెక్క ఊగుతూ కనపడుతుంది, భయపడొద్దని చెప్పు. వంగకపోతే విరుగుతుంది, అందుకే వంగేటట్టు చేస్తాం. దాని లోపల మాలాంటివాళ్లు లెక్కపెట్టి మూసినవి తప్ప ఇంకేమీ లేదు.

తొక్కు పంపడం మరిచిపోకు. అత్తమ్మకు, బావకు నా దండాలు, బుజ్జికి ముద్దులు. బావ పోయే రోజు శంషాబాద్‌కు నేనూ వస్తాను. ఆయన లోపలికి పోయాక, అక్కడే బయట, నా తల మీద కూడా ఒక చిటికెడు వెయ్యి. వేసేటప్పుడు లెక్కపెట్టకు అక్కా.

నీ దీవెన కోసం తల వంచి,
సరిత