మొదటి ముద్దలో నెయ్యి

శ్రీకాకుళం

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడు ఒళ్లు బరువెక్కి ఆయాసపడుతుంటే, డాక్టరు అన్నం సగానికి తగ్గించి, పూటకు ఒక చెంచా నెయ్యి మాత్రం వదలొద్దన్నాడు. ఈయన నెయ్యి, నూనె కూడా మానేశారు. ఒళ్లు తగ్గింది గాని చర్మం పొట్టు రాలుతోంది, దీపాల వేళకు చూపు ఆనడం లేదు. నిన్న కొట్టు మెట్ల మీద పడ్డారు. ఇదంతా నెయ్యి, నూనె మానడం వల్లేనని డాక్టరు కోప్పడ్డాడు.

పప్పులో కాస్త నెయ్యి కలిపితే వాసన పట్టేశారు. "ఏటే, మల్లీ నన్ను ఏనుగుని సేద్దామనుకున్నావేటి?" అని కంచం తోసేశారు. చెప్పి చెప్పి నా ఓపిక అయిపోయింది.

మన ఇళ్లలో ఆడపడుచు చేత్తో వేసిన నెయ్యిని మగవాళ్లు కాదనరు కదా. మీరు వచ్చి, నాలుగు రోజులు ఆయన మొదటి ముద్దలో వెయ్యండి. మీకు తమ్ముడంటే ప్రాణం కనుక గరిటెతో ఒంపేస్తారు. దయచేసి చెంచా దాటనివ్వకండి, మారు అన్నం వడ్డించకండి.

ఒక్క మాట మాత్రం ఆయనకు చెప్పకండి. భర్త మానేసింది భార్య తినకూడదని నేనూ ఇన్నాళ్లూ నెయ్యి ముట్టలేదు. ఇప్పుడు సాయంత్రమైతే వంటింట్లో నేనూ గిన్నెలు తడుముకుంటున్నాను.

మీ మరదలు