తలుపు తగిలింది

టెక్సాస్, మంగళవారం

చెల్లీ లెనోర్,

నేను బాగానే ఉన్నాను, దవడ ఒక్కటే వాచింది. సైన్యంలో చేరనా, నీలా మాజీ సైనికుల ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే నర్సునవనా అని అడిగావు. నిన్న ఆపరేషన్ అయ్యాక ఓ ముసలి సైనికుణ్ణి భుజం తట్టి లేపాను. యుద్ధం చూసినవాళ్లను కాళ్ల దగ్గర నిలబడి పిలవాలి, అలసటలో మరిచాను. మత్తులోనే గుద్దాడు. తెలివొచ్చాక, "అయ్యో, ఆ వాపేమిటి తల్లీ?" అన్నాడు. "తలుపు తగిలింది తాతా" అన్నాను.

ఆపరేషన్ గది చలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి, నా ఉన్ని మేజోళ్లు పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న యుద్ధం నుంచి వచ్చిన ఏడాది అమ్మ కూడా తలుపే తగిలిందనేది, గుర్తుందా? ఆ మాట అమ్మంత మామూలుగా అనగలననుకుంటే మా ఆసుపత్రికి దరఖాస్తు పెట్టు. జీతం, పింఛను సంగతి తర్వాత.

అందరికీ ముద్దులు. ఈ కార్డు నాన్న కంట పడనీయకు.

నీ అక్క,
వెర్నా