నాలుగో మానిటర్ నంబరు

2024 జూన్ 3, సోమవారం

ఉప్పల్ నర్సింగ్‌హోమ్‌కి మా మల్లాపూర్ షెడ్డు నుంచి ఎనిమిది పేషెంట్ మానిటర్లు రేపే వెళ్లాలి. నాలుగోది మొరాయిస్తోంది. ప్రతి మానిటర్ లోపలి బోర్డు మీదా ఒక చిన్న చిప్‌లో దాని హార్డ్‌వేర్ అడ్రస్, అంటే దానికొక్కదానికే చెందిన నంబరు ఉంటుంది. నర్సు టేబుల్ మీది పెద్ద స్క్రీన్ ఆ అడ్రస్ చూసే ఏ రీడింగ్ ఏ బెడ్‌దో పోల్చుకుంటుంది. దీని చిప్ పోయింది. ఆన్ చేసినప్పుడల్లా కెర్నెల్, అంటే మానిటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఏదో ఒక కొత్త అడ్రస్ అంటగడుతోంది. స్క్రీన్ గుర్తుపట్టడం లేదు.

కొత్త చిప్ రావాలంటే నాలుగు రోజులు. ఓనర్ కరుణాకర్ సార్ ఆగరు. ఏదో ఒకటి జెయ్ పూర్ణిమా, రేపు పొద్దుగాల బండి పోవాలె అన్నారు.

చేశాను. చిప్ పలకకపోతే ఇది వాడుకో అని కెర్నెల్‌లోనే ఒక అడ్రస్ రాసేశాను. పది నిమిషాల పని. అదే కెర్నెల్ ఎనిమిదింటిలోనూ ఎక్కించాను. మిగతా ఏడు చిప్‌లూ బాగానే ఉన్నాయి కదా.

జూన్ 4

ఉమామహేశ్వర్ గారి రిజిస్టర్ గొడవ. గవర్నమెంటు సంస్థలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై మా దగ్గర చేరారు. ఏ అడ్రస్ ఏ బోర్డుకి ఇచ్చామో అందులో రాసి, ఇచ్చినవాళ్లే సంతకం పెట్టాలి. నాలుగో గడిలో సంతకం లేదేమమ్మా అన్నారు. సాయంత్రం పెడతానన్నాను. ఆయన చాదస్తం ఆయనది.

జూలై 18, గురువారం

నర్సింగ్‌హోమ్‌లో ఒక పెద్దాయన చనిపోయాడు. నాలుగో బెడ్.

జూలై 19

మానిటర్లలో నమోదైన లాగ్స్ చూడమని నన్నే పంపారు.

నిన్న మధ్యాహ్నం ఏడో బెడ్‌కి కొత్త పేషెంట్ వస్తే మానిటర్ ఆన్ చేశారు. దాని చిప్ కూడా పలకలేదు. నేను రాసిన అడ్రస్ తీసుకుంది. నేను చెప్పినట్టే చేసింది. ఒకే అడ్రస్‌తో రెండు మానిటర్లు. స్క్రీన్ మీద ఏడో గడి ఖాళీ. నాలుగో గడిలో ఏడో బెడ్ ఆమె ఆక్సిజన్, తొంభై ఎనిమిది. నాలుగో బెడ్ మీద ఆ పెద్దాయన గండయ్యకి అది పడిపోతూ ఉంది. వార్డులో మోత వద్దని బెడ్ దగ్గరి అలారాలు తగ్గించి, టేబుల్ దగ్గరే మోగేలా పెడతారు. అక్కడ మోగలేదు.

డ్యూటీలో ఉన్న నర్సు భాగ్యశ్రీ. ఏడో గడి ఖాళీగా ఉందని ఏడో బెడ్ దగ్గరికే పరుగెత్తింది. గండయ్య భార్య సాలమ్మ వచ్చి, కాళ్లు సల్లవడ్డయి బిడ్డా అని రెండుసార్లు చెప్పిందట. స్క్రీన్ చూసి, ఏం ఫికర్ లేదమ్మా అందట ఈమె. స్క్రీన్ మంచిగనే సూపెట్టింది మేడమ్, నేను దాన్నే నమ్మిన అని గేటు బయట నాతో చెప్పింది. నిన్న సాయంత్రమే ఆమెను సస్పెండ్ చేశారు.

గండయ్య వాళ్లది మల్లాపూరే. మా షెడ్డు ఉన్నచోట ఒకప్పుడు గండయ్య జొన్న వేసేవాడట.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. తల ఊపి బస్సెక్కాను. సిగ్గుగా ఉంది.

జూలై 20

కరుణాకర్ సార్‌కి మొత్తం చెప్పాను. లేచి తలుపు దగ్గరికి వేశారు. తర్వాత, నర్సు సూడలేదని ఆల్లే రాసుకున్నరు, మనం నడుమల ఎందుకు, ఈడ ముప్పై మంది బతుకుతున్నరు అన్నారు. కొత్త కెర్నెల్ ఎక్కిచ్చి ఊకో అన్నారు. నా పెళ్లప్పుడు అడక్కుండానే నెల రోజులు లీవిచ్చిన మనిషి. ఎదురు చెప్పలేక వచ్చేశాను.

జూలై 21, ఆదివారం

కొత్త కెర్నెల్ రాశాను. ఇక చిప్ పలకకపోతే మానిటర్ నెట్‌వర్క్‌లోకి రాదు. బెడ్ దగ్గరే గట్టిగా మోగుతూ ఉంటుంది. నాలుగు లైన్లు. జూన్‌లోనూ నాలుగు లైన్లే.



జూలై 22

ఉమామహేశ్వర్ గారిని రిజిస్టర్ అడిగాను. ఆ పేజీయే తీసి ఇచ్చారు. దాని తర్వాత ఇంకా చాలా బోర్డులు రాశారు. అన్నిటికీ సంతకాలున్నాయి. నాలుగో గడి మాత్రం ఖాళీగానే ఉంది. మీరే పెట్టేయాల్సింది సార్ అన్నాను. మీరిచ్చిన అడ్రస్‌కి నేనెలా పెడతానమ్మా అన్నారు.

సంతకం పెట్టి జూన్ తేదీ వేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు. ఇవాళ్టిదే వేయండి అన్నారు.

వేశాను. కింద, ఇదే అడ్రస్ ఎనిమిది కెర్నెల్స్‌లోనూ ఉంది అని రాశాను. పేజీ జిరాక్స్ తీయించాను. రేపు నర్సింగ్‌హోమ్‌లో భాగ్యశ్రీ మీద ఎంక్వయిరీ. వెళ్తున్నానని కరుణాకర్ సార్‌కి మెసేజ్ పెట్టాను. చూశారు.

జూలై 23, ఉదయం 10:40

నర్సింగ్‌హోమ్ వరండా. భాగ్యశ్రీ లోపల ఉంది. నా పక్కన సాలమ్మ. నువ్వెవలి మనిషివి బిడ్డా అని అడిగింది.

నాలుగో బెడ్ అన్నాను.

గా బెడ్ మా ఆయనది గదా అంది.

అవునమ్మా అన్నాను. జిరాక్స్ ఆమె చేతికి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. చదివి చెప్పమంది.