ఆ ఒక్క లైను

ఆదివారం, భోజనాలయ్యాక

నా మీద నాకే రోతగా ఉంది. పొద్దున మా అమ్మాయి సిరి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఉండగా కంప్యూటర్ తెర మీద దాని మొహం కదలకుండా ఆగిపోయింది. అవతలివాళ్లు చూసి చూసి వెళ్లిపోయారు. మా దీవులకి నెట్ తెచ్చే సముద్రంలోని కేబుల్ మళ్లీ దెబ్బతిందని తేల్చేశాను. ఇక్కడ నెట్ మందగిస్తే అందరం అనే మాటే అది. పైగా నెట్ కనెక్షన్ చూసే భయ్యాని బతు బస్తీ నుంచి పిలిపించి నానా మాటలూ అన్నాను.

అతను తన ఫోన్‌ని మా వైఫైకి కలిపి చూపించాడు. “దేఖియే సార్, ఫోన్‌లో ఏక్‌దమ్ ఫాస్టుగా వస్తోంది. గడ్‌బడ్ మీ కంప్యూటర్‌లోని లినక్స్‌లోనే ఉంది.”

అతను వెళ్లాక వెతికితే, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ఒక ఫైలులో నెట్ వేగానికి పరిమితి పెట్టే లైను కనిపించింది. శాటిలైట్ నెట్ రోజుల్లో, ఈ కంప్యూటరొక్కటే ఇంటి నెట్టంతా మింగేస్తోందని నేనే పెట్టాను. ఇన్నేళ్లూ దీవుల్లో నెట్ ఇంతేలే అని సరిపెట్టుకున్నాను. ఆ లైను పక్కనే నా మాట కూడా ఉంది: “సముద్రం కేబుల్ వచ్చాక తీసెయ్యాలి.”

తీసేశాను. వెంటనే వేగం వచ్చింది.

“కేబుల్ బాగయిందా నాన్నా?” అంది సిరి, కళ్లు తుడుచుకుంటూ.

అయిందమ్మా అన్నాను.